పోటు మీద వచ్చినవాళ్లు

పోటు మీద వచ్చారు వాళ్లు, మూడు పడవల్లో.
హోకియాంగా నీళ్లు మడచెట్ల నడుము దాకా లేచిన వేళ.
నాకు తొమ్మిదేళ్లు. గుమ్మంలో కూచుని
చిలగడదుంపల మట్టి గీకుతున్నాను.
"వస్తున్నారు" అన్నాను.
నాన్న తల దువ్వుకున్నాడు,
ఆదివారం చొక్కా తొడుక్కున్నాడు
మమ్మల్ని దోచుకోను వచ్చేవాళ్లకు ఎదురెళ్లడానికి.

తప్పు మాదే.
అక్క మెరానియా ఉయ్యాల్లో ఉండగానే
ఆ ఒడ్డు కెరెయామాకని అనుకున్న పిల్ల.
మా ముత్తాత చెల్లెలు అటు కాపురానికి వెళ్లినప్పుడు
ఆమె వెనకే ఒక వాగు కూడా వెళ్లింది,
ఈల్ చేపల వాగు.
అది మళ్లీ మా పిల్లల కాళ్లు తడపాలంటే
ఈ పెళ్లి జరగాలి.
పెద్దలు రెండు రాత్రులు కూచుని వంశాలు వల్లించారు,
కొవ్వులో నిలవేసిన పావురాలు తిన్నారు.
అక్కను ఎవరూ అడగలేదు.
అది దాచి ఈ కథ చెప్పలేను.

అక్క ఆక్లాండ్‌లో బిస్కెట్ల ఫ్యాక్టరీకి వెళ్లింది.
రిజిస్ట్రారు బల్ల ముందు సంతకం పెట్టింది.
సాక్షులిద్దరు: పక్క మిషను మీద పనిచేసే అమ్మాయి,
వానకు తలదాచుకోను లోపలికొచ్చిన ఎవరో మనిషి.
ఉత్తరం నెల తర్వాత అందింది.

వాళ్లు ముందు అరిచారు. బాగా అరిచారు.
కెరెయామా మేనమామ ఈటె తిప్పుతూ
ఏడు తరాల వెనక నుంచి తిట్టుకుంటూ వచ్చాడు మా నాన్నను.
ఆ తిట్లలో మా పెద్దల పేరు ఒక్కటీ తప్పు పోలేదు.
తల వంచుకునే నాన్న మెచ్చుకోలుగా ఊఁ కొట్టాడు.

ఆ తర్వాత మొదలైంది.
రెండు పందులు. నాలుగు గోతాల దుంపలు. గుర్రం జీను.
గోడ గడియారం (పడవలో కూడా గంట కొట్టింది).
అమ్మ సింగరు కుట్టుమిషను.
ఆ ఒక్కదానికే అమ్మ పెదవి కొరుక్కుంది.
కెరెయామా తల్లి తూరుహిరా దాన్ని ఎవరికీ ఇవ్వకుండా
తనే మోసుకుపోయింది, నిద్రపోయే బిడ్డను మోసినట్టు.

నేను ఏడుస్తుంటే నాయనమ్మ మొట్టికాయ వేసింది:
"ఎవరూ రాకపోతే ఏడవాలే పిచ్చిదానా!
లెక్కలో లేనివాళ్ల పందుల్ని ఎవరు తోలుకుపోతారు?"
నిజమే. వాగవతలి హెపేటా కూతురూ అలాగే లేచిపోయింది.
వాళ్లింట్లో ఒక్క కోడీ పోలేదు.
ఆ వారమంతా ఆయన మా ఖాళీ దొడ్డికేసి కుళ్లుకుంటూ చూశాడు.

మరుసటేడు అక్క అతన్ని తీసుకొచ్చింది. నార్మన్.
అనాథాశ్రమంలో పెరిగినవాడు.
నాయనమ్మ ముక్కుకు ముక్కు ఆనించి, ఊపిరి పంచుకుని అడిగింది,
"నీ కొండ ఏది నాయనా? నీ నీళ్లేవి?"
అతను చాలాసేపు బూట్లు చూసుకున్నాడు.
"ట్రాము డిపో వెనక గది."
ఎవరో కిసుక్కుమన్నారు.
నాయనమ్మ అతని చెవి తమ్మెలు తడిమింది, ఎవరివో పోల్చుకోవాలని.
పోల్చుకోలేదు.
ఆ రాత్రి పూర్వీకుల ఇంట్లో అతని పక్క తన పక్కనే వేయించి
తెల్లారేదాకా మా తరాలన్నీ వల్లించి
చివర మెరానియా పేరు పక్కన
నార్మన్ అంది, కొంచెం గట్టిగా.

తొలి బిడ్డను తూరుహిరా అడిగింది, పెంచుకోవడానికి.
ఒక్క మాటా మాట్లాడలేదు, వచ్చి మా అరుగు మీద కూచుంది.
ఈసారి అందరూ అక్క ముఖమే చూశారు.
మూడు రోజులు పట్టింది ఆమెకు.
నాలుగో రోజు పిల్ల పడవ ఎక్కింది.
అక్క చాలాకాలం ఆ ఒడ్డు వైపు కిటికీ తెరవలేదు.
పిల్ల పరెహుయా మాత్రం ఈల్ వాగులో ఆడుకుంది,
మా మిషను మీద కుట్టిన గౌనులో.

నిన్న ఫెర్రీ దిగి వచ్చింది పరెహుయా. అరవై దాటాయి.
కారు వెనక సీట్లో దుప్పటి చుట్టిన మిషను.
"తీసుకో పిన్నీ, ఇక మీది మీకే."
మా భాషలో పిన్నిని కూడా అమ్మ అనే పిలుస్తాం.
వద్దన్నాను.
"నీ కొడుకు సిడ్నీలో ఎవర్నో చేసుకున్నాడటగా,
మాతో మాట మాత్రం అనకుండా.
మేమే వచ్చి ఎత్తుకుపోతాం.
పోటు చూసుకుని వస్తాం.
తల దువ్వుకుని ఉండు."